వెనుకబల్ల పాఠకుడు

మన పత్రికలయందు గ్రంథవిమర్శకు కొదవ లేదు. కావ్యము వెలువడినచో దాని రసపోషణమును, నవల వెలువడినచో పాత్రల నడవడిని, నాటకము వెలువడినచో సంభాషణముల పటుత్వమును తూచి చూచువారు పలువురు కలరు. అయినను ఆంధ్రదేశమున ఏ కావ్యముకంటెను, ఏ నవలకంటెను హెచ్చు ప్రతులు అచ్చుపడి, హెచ్చు చేతులలో నలుగుచు, మనుష్యుని జీవితమును చిన్ననాడే ఒకవైపునకు త్రిప్పివేయు గ్రంథమొకటి కలదు. దానిని చేతబట్టి గుణదోషములు విచారించిన విమర్శకులు అరుదు. అది బడిపిల్లల వాచకము.

ఇతర గ్రంథములకును దీనికిని ముఖ్యమైన భేదమొకటి కలదు. కావ్యము రుచింపనిచో చదువరి దానిని మూసి అవతల పెట్టును. లోపము కవియందున్నదని తలచును. వాచకము బోధపడనిచో మూసివేయుటకు బాలునకు అధికారము లేదు. లోపము గ్రంథమునందున్నదని తలచువాడును లేడు. "వీనికి చదువు అబ్బదు" అని ఒక్కమాటతో తీర్పు ముగియును. వ్రాసినవారు, అచ్చువేసినవారు, బోధించినవారు, పరీక్షించినవారు అందరును ఒక పక్షము. ఎనిమిదేండ్ల పిల్లవాడొక్కడు రెండవ పక్షము. చదువుకొన్న తలిదండ్రులు గలవానికి ఇంట వకాల్తా పుచ్చుకొనువారుందురు. కూలివాని బిడ్డకు వారును లేరు. ఆ బిడ్డ పక్షమున నాలుగు మాటలు చెప్పుటయే ఈ వ్యాసము పని. మా వాదమును మొదటనే చెప్పివేయుచున్నాము. వాచకము మంచిచెడ్డలను ముందుబల్లమీది పాఠకునిబట్టి కాక, వెనుకబల్లమీది పాఠకునిబట్టి నిర్ణయింపవలెను. ఆతడు చదువలేకపోయినచో ముందుగా విచారణకు రావలసినవి గ్రంథమును బోధనమును గాని, బాలుడు కాడు.

మా కాపురము పెంటపాడు. తాడేపల్లిగూడెము సమీపమున, కాలువనీటి వరిచేల నడుమ నున్న ఊరు. ఇటనుండి పడమటి దిక్కునకు పోయినచో కొల్లేటి పల్లపుభూములును, చేపల చెరువులును తగులును. ఇరువది ఏండ్లుగా మేమీ ప్రాంతపు బడులలో పాఠములు చెప్పుచున్నాము. నాలుగు డబ్బులు గలవారి పిల్లలు ప్రొద్దున్నే పసుపుపచ్చని బస్సులెక్కి పట్టణపు ప్రైవేటుబడులకు పోవుచున్నారు. మా తరగతిలో కూర్చుండువారు వ్యవసాయకూలీల బిడ్డలు, చేపలచెరువు గట్టున కావలియుండువారి బిడ్డలు, నాట్లకును కోతలకును ఊరూరు తిరుగువారి బిడ్డలు. సార్వా కోతలకు కొందరు, దాళ్వా కోతలకు కొందరు బడి మానుదురు. వానకాలమున కొల్లేరు పొంగినచో లంకగ్రామముల పిల్లలకు బడిదారియే నీటిపాలగును.

కొన్ని ఏండ్ల క్రిందట ఆరవ తరగతిలో ఒక బాలిక ఉండెను. తండ్రి చేపలచెరువున కూలి. ఒకనాడు పాఠము చదువుమనగా లేచి నిలిచి, గ్రంథము చేతబట్టి, తొట్రుపాటు లేక మొదటినుండి చివరవరకు చదివెను. సంతోషించి దగ్గరకు పోయి చూచితిమి. ఆమె తెరచియున్నది వేరొక పాఠము. తెరచియున్న ఆ పుటనే చదువుమని అడిగితిమి. తలవంచుకొని నిలుచుండెను. ఒక్క పంక్తియు రాలేదు. మాకు కోపము వచ్చెను. మమ్ము మోసగించినదని తలచితిమి. ఆ సంవత్సరపు పట్టికలో ఆమె పేరున "శ్రద్ధ లేదు" అని వ్రాసితిమి. దాళ్వా కోతల తరువాత ఆ కుటుంబము వేరొక చెరువుగట్టునకు తరలిపోయెను. ఆ బాలిక మరల ఏ బడికిని పోలేదని తరువాత తెలిసినది.

ఆ వ్రాత తప్పని గ్రహించుటకు మాకు చాలకాలము పట్టినది. తోడిపిల్లలు చదువుచుండగా చెవితో విని, నాలుగు పుటల పాఠమును అక్షరము పొల్లుపోకుండ అప్పగించిన ధారణ ఆమెది. ఆ ధారణయే వేదపాఠశాలలో నున్నచో గురువులు మెచ్చి వీపు తట్టియుందురు. మేము దానికి శ్రద్ధలేమి యని పేరు పెట్టితిమి. అక్షరము రానిపిల్ల ఐదు తరగతులు దాటి మా ముందునకు ఎట్లు వచ్చెనని అడుగవలసినది. ఆ ప్రశ్న మాకు తోపలేదు. సంస్కృతమును ఇంగ్లీషును చదివిన మాకు ఆ బాలిక ఏమి చదువలేకున్నదో చదువుట చేతకాలేదు.

బోధనమునకు ఎదురైన ఈ చిక్కు క్రొత్తది కాదు. పంచతంత్రకథకు మూలమే ఇది. మహిలారోప్యమున అమరశక్తి యను రాజునకు మువ్వురు కుమారులు; మువ్వురును చదువు అంటనివారు. వ్యాకరణమునకే పండ్రెండేండ్లు పట్టునని మంత్రులు లెక్కలు చెప్పిరి. విష్ణుశర్మ ఆ క్రమమును విడిచి, ఆరు మాసములలో నీతి నేర్పెదనని పూనుకొని, కాకి, తాబేలు, సింహము, ఎద్దు కథలతో మొదలుపెట్టెను. శిష్యులు శాస్త్రము దగ్గరకు రాలేకపోయినందున శాస్త్రమునే శిష్యుల దగ్గరకు తెచ్చిన గురువు ఆయన. మందబుద్ధుల కొరకు పుట్టిన గ్రంథమునకు దేశదేశముల ఆదరము కలుగుట మనకు గర్వకారణము.

ఈ గ్రంథము తెలుగుబడిలో ఏమయ్యెనో చూడుడు. పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను వెలువరించెను. మిత్రలాభ మిత్రభేదముల కథలను ఆయన ఎన్నుకొన్న పదములతో, దిద్ది తీర్చిన వాక్యములతో కూర్చెను. ఆ వచనపు బిగువును కాదనువారు లేరు. మేమును చిన్నతనమున దానిని కంఠస్థము చేసి ఆనందించినవారమే. కాని పెక్కుతరములవరకు అదియే తెలుగు బాలుర పాఠ్యగ్రంథమై నిలిచినపుడు జరిగిన వింత గమనింపదగినది. వెనుకబడిన శిష్యులను గట్టెక్కించుటకు పుట్టిన కథలే వెనుకబడిన శిష్యులకు గండమైనవి. కథ కరటకదమనకులది, పరీక్ష మాత్రము సంధులది, ప్రతిపదార్థములది. విష్ణుశర్మ తీసివేసిన గోడను ఆయన కథలతోనే మరల కట్టితిమి. ఈ తప్పు సూరిగారి దనలేము. పండితులకు ప్రౌఢవచనము కావలెను. ఆయన దానిని ఇచ్చెను. పండితుని గ్రంథమును పసిబాలుని చేతికిచ్చి, అర్థము కాకున్న వానిని దండించిన విద్యాశాఖదియు, మా ఉపాధ్యాయవర్గముదియు ఈ తప్పు.

దీనిని గుర్తించి పోరాడినవారు గిడుగు రామమూర్తి పంతులు. 1906లో ఉత్తరసర్కారుల పాఠశాలల పరీక్షాధికారి యేట్సుదొర, ప్రజల నోటి తెలుగునకును గ్రంథముల తెలుగునకును ఇంత భేదమేలయని ప్రశ్నించెను. ఆ ప్రశ్న గురజాడ అప్పారావుగారికిని గిడుగువారికిని చేరినది. అటుపిమ్మట వ్యావహారికవాదము సాగెను. జయంతి రామయ్య పంతులుగారు మొదలగు పెద్దలు గ్రాంథికపక్షము వహించిరి. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వెలసెను. 1914లో గురజాడవారు విశ్వవిద్యాలయమునకు తమ అసమ్మతిపత్రమును సమర్పించిరి. ఈ వాదమును పండితుల నడుమ జరిగిన శైలీకలహముగా మాత్రమే మన సాహిత్యచరిత్రలు చెప్పుచుండుట కలదు. దాని వేరు మాత్రము బడిలో నున్నది. గిడుగువారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. తన ఊరి చుట్టునున్న కొండలనుండి వచ్చు సవరలతో మాటలాడుటకై వారి భాషను నేర్చెను. వారి పిల్లలకు వారి భాషలోనే వాచకములు కూర్చెను. తన ఖర్చుతో బడులు పెట్టించెను. సవర బాలునకు తెలుగు ఎట్టి పరభాషయో, తెలుగు కూలివాని బిడ్డకు గ్రాంథికము అట్టి పరభాషయే యని ఆయనకు తోచియుండును. బడిలో మొదలిడి భాషకు వచ్చినవాడు గనుకనే ఆయన వాదమునకు అంత బలము కలిగెనని మా అభిప్రాయము.

ఇచట ఒక మాట ఒప్పుకొనవలసియున్నది. మేము ఈ వ్యాసము వ్రాయుచున్న భాష గిడుగువారు పిల్లల బడినుండి తొలగింపగోరిన భాషయే. పెద్దలు పెద్దల కొరకు వ్రాసికొనునపుడు ఇది మాకు అలవాటైన నడక. దీనియందు మాకు మమకారము కలదు. కాని ఈ మమకారమునకు మూల్యము వెనుకబల్ల బాలుడు చెల్లింపరాదు.

గిడుగువారు 1940లో గతించిరి. వారి పక్షము క్రమముగా గెలిచినది. పత్రికలు మారినవి, నవలలు మారినవి, వాచకములును మారినవి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఎనిమిది గిరిజనభాషలలో చిన్నతరగతుల బోధనకు పూనుకొనగా, వానిలో సవరభాషయు ఒకటియైనది. సంతోషింపదగినదే. అయినను గోడ పూర్తిగా పోలేదు. తెలుగు వాచకమునుండి తొలగి, లెక్కల పుస్తకములోనికిని ప్రకృతిశాస్త్రపు పుస్తకములోనికిని చేరినది. మా పిల్లలకు కూడిక తెలియును, సంకలనము తెలియదు. తీసివేత తెలియును; వ్యవకలనము తెలియదు. చెట్టునీడ పడిన మడిచెక్కలో వరి పాలిపోవునని, ఎండ తగిలినచోట పచ్చబడునని మా ఊరి ఆరేండ్ల పిల్లయు చెప్పగలదు. ఆ జ్ఞానమునే బడి "కిరణజన్య సంయోగక్రియ" యను పేరుతో ఆమెకు మరల ఇచ్చుచున్నది. ఒక ఉపాధ్యాయుడు ఈ సమాసమును విప్పి విగ్రహవాక్యము చెప్పుటలో గంట గడిపి, ఆకు దగ్గరకు రాకముందే గంట కొట్టించుకొనుట మేమెరుగుదుము. ఆ ఉపాధ్యాయులము మేమే. పారిభాషికపదములు అక్కరలేదనుట మా ఉద్దేశము కాదు. ముందు ఆకును చూపి, పిల్ల నోట తెలిసినది చెప్పించి, తుదకు పేరు పెట్టవలెను. పేరుతో మొదలిడిన పాఠము పేరుతోనే ముగియును.

ఇప్పుడు ఇంగ్లీషు ప్రసక్తికి వత్తము. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము తన బడులను ఇంగ్లీషు మాధ్యమమునకు మార్చుటకై ఉత్తర్వు లిచ్చెను. 2020 ఏప్రిలులో ఉన్నత న్యాయస్థానము వానిని కొట్టివేసెను. పిమ్మట ఎదురెదురు పుటలలో ఒకవైపు తెలుగును, మరియొకవైపు ఇంగ్లీషును గల పాఠ్యగ్రంథములు పిల్లల చేతికి వచ్చినవి. ఈ విషయమున మన సాహిత్యపరులు పెక్కుమంది మాతృభాషాభిమానముతో కోపించిరి. వారిలో తమ పిల్లలను తెలుగుబడికి పంపినవారెందరని కూలివాడు అడిగినచో మేము చెప్పదగిన జవాబు లేదు. ఇంగ్లీషు వచ్చినవాని ఇంటికిని రానివాని ఇంటికిని గల తేడాను అతడు కన్నులార చూచుచున్నాడు. ఆ కోరికను పరిహసించుట అన్యాయము.

కోరిక న్యాయమైనను దారి వేరుగా విచారింపదగినది. 2008 మొదలు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 5 జిల్లాలలోని 180 గ్రామములలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను విద్వాంసులు ఒక పరిశోధనము జరిపిరి. పేదపిల్లలలో చీట్లు తీసి, చీటి వచ్చినవారికి ప్రైవేటుబడి రుసుము చెల్లించిరి. నాలుగేండ్ల తరువాత పరీక్షింపగా, తెలుగునందును లెక్కలయందును చీటి వచ్చినవారికిని రానివారికిని చెప్పదగిన భేదము కానరాలేదు. హిందీయందు మాత్రము వారు మెరుగైరి; ప్రభుత్వబడులలో ఆ తరగతులకు హిందీ లేదు. ప్రైవేటుబడులు తెలుగునకును లెక్కలకును తక్కువ కాలము వినియోగించియు ఆ ఫలితము పొందినవి. పిల్లవాని కగు ఖర్చును ప్రభుత్వబడిలో దానికంటె మూడవవంతునకు లోపుగానే యుండెను. దీనినుండి ఇరుపక్షములును నేర్చుకొనవలసినది కలదు. బడి మార్చినంతమాత్రమున చదువు మారదని తలిదండ్రులును, ఎక్కువ ఖర్చు పెట్టినంతమాత్రమున చదువు రాదని ప్రభుత్వములును తెలిసికొనవలెను.

ఎదురెదురు పుటల గ్రంథమును విమర్శకుని కంటితో చూతము. దాని గుణము స్పష్టము. తెలిసిన భాషను ఊతగా పట్టుకొని తెలియని భాషలోనికి అడుగుపెట్టుటకు వీలు కలదు. ఇంటివద్ద చూచువారుండినచో వారికిని అందును. దాని దోషమును స్పష్టమే. రెండు పుటలును సరిగా ఎదురెదురుగా నుండవలెనను నియమమువలన, తెలుగు తన నడకను విడిచి ఇంగ్లీషు వాక్యముతో అడుగు కలుపవలసివచ్చును. అన్నిటికంటె పెద్దచిక్కు వేరు. తెలుగు పుటను చదువలేని పిల్లకు ఇంగ్లీషు పుట ఎదుటనుండి ప్రయోజనమేమి? ఊతకఱ్ఱయే చేతికందనపుడు నడక మాట తరువాత.

ఈ భయము ఊహామాత్రము కాదు. ప్రథమ్ సంస్థవారు 2005 మొదలు గ్రామసీమలలో ఇండ్లకు పోయి, పిల్లలను కూర్చుండబెట్టి, రెండవ తరగతి స్థాయి చిన్నకథనొకదానిని చదివించి చూచుచున్నారు. వారి 2024 నివేదిక ప్రకారము దేశమున గ్రామములలోని ప్రభుత్వబడులలో మూడవ తరగతి పిల్లలలో నూటికి 23.4 మందియు, ఐదవ తరగతి పిల్లలలో నూటికి 44.8 మందియు మాత్రమే ఆ కథను చదువగలిగిరి. 2022లో మూడవ తరగతివారు నూటికి 16.3 మందియే, కాబట్టి కొంత మెరుగు లేకపోలేదు. కాని ఐదేండ్లు బడిలో కూర్చున్నవారిలో సగముకంటె ఎక్కువమందికి రెండవ తరగతి కథ అందనపుడు, ఐదవ తరగతి వాచకము వారికి మూగగ్రంథము. దానిలో ఏ భాష యుండినను ఒకటియే.

లెక్కల సంగతియు ఇట్టిదే. తాడేపల్లిగూడెపు ఉల్లిపాయల బజారున ఒక సెలవునాడు మా శిష్యుడొకడు తండ్రి ప్రక్కను నిలిచి బేరములు చూచుచుండెను. కిలో 28 రూపాయల చొప్పున మూడున్నర కిలోలు తూచి, మేమిచ్చిన 200 రూపాయల నోటునకు కాగితము కలము లేకుండ 102 రూపాయలు తిరిగి యిచ్చెను. మరునాడు అదే లెక్కను నల్లబల్లమీద గుణకారముగా వ్రాసి చేయుమనగా సుద్దముక్క పట్టుకొని నిలుచుండిపోయెను. కలకత్తా, ఢిల్లీ నగరముల సంతలలో పనిచేయు పిల్లలను పరీక్షించిన విద్వాంసులు 2025లో ప్రకటించిన పరిశోధనమును దీనినే చెప్పినది. సంతపిల్లలు సంతలెక్క చేయుదురు, బడిలెక్క చేయలేరు. బడిపిల్లలు బడిలెక్క చేయుదురు, సంతలెక్క చేయలేరు. అనగా బుద్ధికి లోటు లేదు. రెండు లెక్కల నడుమ వంతెన లేదు. వంతెన కట్టవలసినవారు ఎవరు? ఆ పని చేయుదుమని జీతము పుచ్చుకొనుచున్న మేము.

మరి చేయవలసినదేమి? మార్గము దొరకని చీకటిలో మనము లేము. 2001 మొదలు 2003 వరకు ముంబయి, వడోదర నగరముల బడులలో వెనుకబడిన పిల్లలను రోజునకు రెండు గంటలు వేరుగా కూర్చుండబెట్టి, ఆ పేటలలోని చదువుకొన్న యువతులచేత అక్షరములు, చిన్నలెక్కలు చెప్పించిరి. వారిని బాలసఖులనిరి. పిల్లలు తేరుకొనిరి, అందును అందరికంటె వెనుకనున్నవారే ఎక్కువ లాభము పొందిరి. ఆ ప్రయోగమును పరీక్షించినవారిలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో అనువారికి 2019లో నోబెల్ బహుమానము వచ్చినది. ఇందలి కీలకము మిక్కిలి సులభము. పిల్లవాని వయస్సును, తరగతిని చూడక, ఇప్పుడేమి చదువగలడో చూచి, అచటినుండి మొదలుపెట్టవలెను. అక్షరము వద్ద నున్నవారు ఒకచోట, పదము వద్ద నున్నవారు ఒకచోట, కథ చదువగలవారు ఒకచోట కూర్చుందురు. విష్ణుశర్మ చేసినదియు ఇదియే.

మన నేలమీదనే ఇంతకుముందే దీనికి తోడైన ప్రయత్నము జరిగినది. మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేరున 1981లో వెలసిన సంస్థ 1990ల దశకమున రంగారెడ్డి జిల్లాలో పొలములలోను, పశువుల వెంటను తిరుగు పిల్లలను శిబిరములలో చేర్చి, చదువు చెప్పి, వారి వయస్సునకు తగిన తరగతిలో ప్రవేశపెట్టుచు వచ్చెను. దానికి నాయకురాలైన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారము లభించెను. బడిలో లేని పిల్ల యెవ్వరైనను పనిలోనున్న పిల్లయే యనునది వారి సూత్రము. బీదతలిదండ్రులకు పిల్లల చదువుపై ఇచ్ఛ లేదను మాటను వారు తమ పనితో ఖండించిరి. దారి చూపినచో తలిదండ్రులే పిల్లలను తెచ్చి అప్పగించిరి.

దీనిపై రెండు ఆక్షేపణములు వినవచ్చును. మొదటిది, పిల్లలను స్థాయినిబట్టి వేరుచేసినచో అది బడిలో మరియొక కులభేదమగునని. ఈ భయమును మేము తేలికగా తీసికొనము. వెనుకబల్ల ఏర్పడినదే అట్టి భేదమువలన. కావున ఈ ఏర్పాటు రోజునకు గంటయో రెండు గంటలో మాత్రమే యుండవలెను. నెలనెలకు మరల చదివించి చూచి, ఎక్కినవారిని పై జట్టునకు మార్చవలెను. మిగిలిన కాలమంతయు అందరును కలిసి కూర్చుండవలెను. మారని జట్టు కులమగును. మారుచుండు జట్టు మెట్టు మాత్రమే. రెండవది, ఒక ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులు చూచుచు, పాఠ్యభాగము పూర్తిచేయవలసియుండగా దీనికి తీరిక ఏదని. పాఠ్యభాగము పూర్తియగుట నిజమే, పూర్తియైనది ఎవరికి? వెనుకబల్లవారికి మొదటి పుటయే తెరువబడలేదు. ముందుబల్ల నలుగురితో పరుగెత్తి గమ్యము చేరితిమని పట్టికలో వ్రాసికొనుట ఇకనైనను మానవలెను.

ఆకలి మాటయు మరువరాదు. 2001 నవంబరులో సర్వోన్నత న్యాయస్థానము ఇచ్చిన ఆజ్ఞననుసరించి 2003 జనవరి మొదలు మన రాష్ట్రపు బడులలో మధ్యాహ్నభోజనము వండి పెట్టుచున్నారు. కడుపు నిండిన పిల్ల మధ్యాహ్నము పాఠమునకు నిలుచుట మేము కన్నులార చూచితిమి. అన్నము పిల్లను బడికి తెచ్చును. బడికి వచ్చిన పిల్లకు చదువు వడ్డించు బాధ్యత మాత్రము వంటవానిది కాదు.

ఇక వాచకమును పరీక్షించుటకు మేము కోరు కొలతలు ఇవి. పిల్ల ఇంట వినిన మాటలతో పాఠము మొదలు కావలెను. వినని మాట పుటకు రెండు మూడింటికంటె మించరాదు. మొదటిసారి చదువునపుడే కథ తెలియవలెను, ప్రశ్నలు తరువాత. అందు కనబడు ఇల్లు ఎల్లప్పుడు మేడయే కాక, చెరువుగట్టున నున్న పాకయు కావలెను. నాట్లు వేయు తల్లి బొమ్మలో మాత్రమే కాక కథలో మాటలాడవలెను. ఒక తరగతికి ఒకే వాచకము చాలదు. పలుమెట్ల చిన్నకథల పుస్తకములు బడి గూటిలో పిల్లల చేతికందు ఎత్తున నుండవలెను, తాళము వేసిన బీరువాలో కాదు. గ్రంథము అచ్చునకు పోవుటకు ముందు పండితులకు చూపుచున్నారు, మంచిదే. ఒక వెనుకబల్ల పిల్లచేతను చదివించి చూడవలెను. ఆ పిల్ల ఎచట ఆగెనో అచట గ్రంథకర్త కలము మరల పట్టవలెను.

చదువరులైన గృహస్థులును గృహిణులును ఇది బడివారి పనియని ఊరకుండరాదు. 1850ల దశకమున టైలరు అను సబ్ కలెక్టరు కాలమున, ఈ గోదావరీతీరపు రైతులు శిస్తుతోపాటు కొంత సొమ్ము గ్రామపాఠశాలలకై ఇచ్చుటకు సమ్మతించిరి. ఆ బడులలోనికి పాలేరుల పిల్లలు ఎందరు రాగలిగియుందురో ఊహించుట కష్టము కాదు. ఆనాటి ఔదార్యమును అందరికిని అందునట్లు పూర్తిచేయుట మన వంతు. మీ ఇంట అంట్లు తోము ఆమె బిడ్డ సాయంకాలము గడపమీద కూర్చుండియున్నచో, చిన్నకథల పుస్తకమొకటి చేతికిచ్చి చదివించుడు. అప్పగింత విని మురిసిపోకుడు. తెలియని పుట తెరచి చదువుమనుడు. ఆగినచో కసరకుడు, ఆగినచోటనే కూర్చుండి మొదలుపెట్టుడు. రోజునకు అరగంట, మూడునెలలు. ఫలితము మీ కన్నులకే కనబడును.

ఆ చెరువుగట్టు బాలికకు ఇప్పుడు పిల్లలుండవచ్చును. ఆమె బిడ్డ ఏ బడిలోనో వెనుకబల్లమీద కూర్చుండి, తోడివారి చదువు చెవినిబెట్టి వినుచునుండవచ్చును. ఆ బిడ్డ పేరునకు ఎదురుగా పట్టికలో ఏమి వ్రాయుదురో మాకు తెలియదు. మా పట్టికలో మాత్రము ఇప్పుడు "శ్రద్ధ లేదు" అను మాట వ్రాయుట మానితిమి. ఆ గడిలో, బిడ్డ ఏ మెట్టువరకు చదువగలదో, మేము రేపు ఏమి చెప్పవలెనో వ్రాయుచున్నాము.